కొస కుట్టు

నలభై ఏళ్లు వలలు బాగుచేసిన చేతులివి.
కొక్కెమంటే గాలమే నాకు.

ముషీయా రేవులో, వాన వదలని మంగళవారం,
ఒబ్దూలియా నా ఒళ్లో ఆకుపచ్చ ఊలుండ పడేసి
"పీక నులమకు, ఎలాదియో,
దారాన్ని కాస్త ఊపిరి తీసుకోనీ" అంది.

ఇరవై కుట్లతో మొదలెట్టాను.
పద్దెనిమిది. పదిహేను. పదకొండు.
చదరం కాస్తా తెరచాపైంది.
వరస వరసకీ కొస కుట్టు మర్చిపోతున్నానట.

ఫక్కున నవ్వి దారం పట్టి లాగింది.
మూడు వారాలు సర్రున విడిపోయి
నా మోకాళ్ల మీద కుప్పపడ్డాయి.

తెగిన వల ఏదీ ఎప్పుడూ
ఇలా మొత్తం తిరిగివ్వలేదు.

ఊలు మాత్రం ఇంకా వంకర్లు తిరిగే ఉంది,
ప్రతి తప్పూ గుర్తున్నట్టు.

సరే, ఒకటి.
ఈసారి ఇరవయ్యోదాన్ని
ముందే బొటనవేలితో తొక్కిపట్టాను.