జేబుల కాయితం

ఫర్వానియాల, ఫ్రిజ్ రిపేరు దుకాణం పక్కపొంటి
మా లాండ్రి.
పదకొండేండ్ల సంది మంది జేబులు చూసుడు నా పని.
చిల్లర పైసలు, పండ్లపుల్లలు, పెట్రోలు చీటీలు,
ఒకసారి పాలపన్ను –
ఎవరి పిల్లదో, అత్తరు గుడ్డల చుట్టి ఉండె.
దొరికినయన్ని డబ్బాల ఏసి
బట్ట మీది నంబరే దాని మీద రాస్త.
నా రాత అంటే ఇప్పుడు గంతే:
నాలుగు వందల పన్నెండు. నాలుగు వందల పదమూడు.

మొన్న దుమ్ము లేచిన నాడు
కండ్లు మండి ఒక జేబు మరిచిన.
మిషన్ల నుంచి తీస్తే
తెల్లటి దిష్‌దాషా రొమ్ము మీద
అరచెయ్యంత నీలిమచ్చ.
లోపల, నానిన రొట్టె లెక్క
నాలుగు మడతల కాయితం.

సేటు చూస్తే జీతంల కోస్తడు.
మచ్చకు నిమ్మఉప్పు పెట్టిన.
కాయితాన్ని మాత్రం గోటితోని మెల్లగ విప్పి
పాత తువ్వాల మీద పరిచి,
పైన మల్లుగుడ్డ ఏసి, ఆవిరి బందు చేసి
సన్నటి వేడి మీద అద్దిన.
జరిపితే చినుగుతది.
ఎత్తాలె, పెట్టాలె. ఎత్తాలె, పెట్టాలె.
షఫీకుల్ అన్నడు, పారెయ్ భాయ్, పేపరే గదా.

నాకు అరబ్బీ రాదు.
కాని ముడత చదువుడు వచ్చు.
ఎక్కడ బరువు పడ్డదో, ఎక్కడ గుంజితే సాగిందో
పొద్దంత చూసేటోన్ని.
కుడి దిక్కు నుంచి మొదలైన వరుసలు
మొదట సాఫుగనే ఉన్నయ్.
నడుమ ఒక మాట కొట్టేసి ఉంది,
కాయితానికి చిల్లు పడేదాక.
అక్కడి నుంచి వరుసలన్ని కిందికి జారినయ్,
రాసినామె –
ఆమెనే అనుకున్న, ఎందుకో –
మంచంల పండుకొని రాసినట్టు.

ముసలాయన వచ్చిండు. నాలుగు వందల పదమూడు.
ముందుగాల కాయితం పెట్టిన,
మచ్చ పోయిన బట్ట తర్వాత.
ఆయన తెరిచి చదువలే.
ముక్కు దగ్గర పెట్టుకున్నడు.
నాకు కడుపుల దేవినట్టయింది.
అక్షరాలు సగమన్న మిగిలిచ్చిన గని
వాసన పూరా కడిగేసిన.
తిడుతడనుకున్న.
నువ్వే ఆరబెట్టినవా, అని చేతులతోని అడిగిండు.
తల ఊపిన.
నా బొటనవేలి కట్టు దిక్కు జరసేపు చూసి
పైసలిచ్చి పోయిండు.
మరుసటి వారం నుంచి ఆయన బట్టలు
జేబులు బయటికి గుంజే వస్తున్నయ్,
నాలుకలు చాపినట్టు.

గంగజలతోని రోజు వీడియోల మాట్లాడుత.
తిన్నవా, తిన్న. కరెంటు బిల్లు కట్టినవా, కట్టిన.
ఫోను ఎడమచేత పట్టుకుంట.
ఆవిరిపైపు కాల్చిన చెయ్యి మెత్త కింద.
ఆమెకు కనవడేది మొఖమే,
మొఖానికి అబద్ధం నేర్పి శానేండ్లయింది.

సెలవు మీద పోయే ముత్తెన్నకు
ఒక కాయితం రాసిచ్చిన, ఊకెనే.
పెన్ను దొరకక నంబర్లు రాసే మార్కరుతోని.
"గంగజలకు" అని పెట్టినంక
చాలసేపు ఏం తోచలే.
నిన్న ఫోన్ల చెప్పిందే మల్ల చెప్పిన –
చిన్నదాని కమ్మలు, బోరు మోటరు, ఇక్కడి దుమ్ము.
ఆఖరుకు "నేను క్షేమం" అని రాయవోతే
"క్ష" ఎట్ల తిప్పాల్నో మరిచిపోయిన.
రెండుసార్లు కొట్టేసిన.
దానికి ఇస్త్రీ చెయ్యలే.

రెండు నెల్లకు ముత్తెన్న మామిడితొక్కు తెచ్చిండు.
మూత కింద, నూనె తాగి అద్దమైన చీటీ.
పెన్సిలు రాత. ఒక్కటే వరుస:

"నీ అక్షరం మారింది. కుడిచెయ్యికి ఏమైంది?"