ఇంకా కాలె

శుక్రవారం పొద్దున
కొత్త స్పీకరు కొన్న సంబురంల బిజోయ్
రూములో తలా ఒక పాట చెప్పుమన్నడు.
దిల్‌బహదూర్ టక్కున చెప్పిండు.
పెషావర్ డ్రైవరు రెండు చెప్పి
రెండూ ఒకటేనని దబాయించిండు.
నా వంతు వచ్చేసరికి
తడి బనియను పిండుకుంట నిలబడ్డ.

ఏ ఏటి పాట చెప్పాలె?

ఆరేండ్లప్పుడు నాకు పాట లేదు, దెబ్బే.
మా నాయిన రాజలింగు
గడ్డిమంట మీద డప్పు కాపుకుంట
వేలితోని ఒక్కటి కొట్టి
నా మొకం చూసేటోడు.
"ఇంకా కాలె" అనేటోణ్ని.
మళ్ల మంట. మళ్ల వేలు.
తోలు కంచులెక్క పలికినంక
నేను తలూపితేనే
పెండ్లి కదిలేది, పీనుగ కదిలేది.
రాయికల్ చుట్టు ఏడూళ్ల ఊరేగింపులు
నా చెవుల నుంచే దాటిపోయినయి.

తొమ్మిదో తరగతిల సారు అడిగిండు
ఎవలకు ఏ వాద్యం ఇష్టమని.
వయొలిన్ అన్న.
అది ఎట్లుంటదో అప్పటికి చూడనేలేదు.
వెనుక బెంచిల ఎవడో
బల్ల మీద మా ఇంటి దరువేసిండు.
అందరు నవ్విండ్రు.
సారు గూడ, మూతి పక్కకు తిప్పుకొని.
ఆ రాత్రి డప్పు మొకం
గోడ దిక్కు తిప్పిపెట్టిన.

ఐటీఐ హాస్టల్ల ఒకటే క్యాసెట్టు, పన్నెండు మందిమి.
టేపు నలిగిన జాగల పాడేటాయన
నీళ్లల్ల మునిగి లేసినట్టు వినపడేటోడు.
ఇప్పటికీ ఆ పాట ఏడన్న నున్నగ సాగిపోతే
నా పాట కాదది అనిపిస్తది.

ఒమాన్ వచ్చిన కొత్తల
పాటంటే భయం.
బాత్రూముల ఎవడన్న తెలుగుల కూనిరాగం తీస్తే
చెప్పులేసుకొని రోడ్డెక్కేటోణ్ని.
కంపెనీ వ్యాన్ల అరబ్బీ పాటలే మంచిగుండె.
మాట తెలువకపోవుడు
ఎంత నిమ్మళమో!
ఒకనాడు డ్రైవరు అర్థం చెప్పిండు:
ఎవలో ఎవలనో విడిచిపోయిండ్రట.
ఆ పాట గూడ ఖరాబైంది.

తర్వాత్తర్వాత పాటలే మరిచిపోయిన.
ఇప్పుడు నా చెవికి జీతమున్నది.
ఏసీ గొంతు విని రోగం చెప్త.
గ్యాసు తక్కువుంటే ఒక తీరు దగ్గు,
బేరింగు పోతే ఒక తీరు మూలుగు.
ఇంజనీరు మీటరు పెట్టకముందే
సాలు సాలు అంట.

పోయిన నెల సోహార్ అవతల
పెండ్లి హాలు సల్లబడ్తలేదంటే పోయిన.
నేను నిచ్చెన మీద.
కింద, హాలు వెనుక, బొగ్గుల కుంపటి.
జుమా అని పిలుస్తున్న ముసలాయన
తన డోలును నిప్పు మీద తిప్పుతుండు.
వేలితోని ఒక్కటి కొట్టిండు.

"ఇంకా కాలె."

అన్నది నేనే.
ముప్పై ఏండ్లకు, తెలుగుల,
ఎవలూ అడగకుండనే.
ముసలాయన మొకమెత్తి చూసిండు.
ఏం భాషని అడగలే.
డోలును మళ్ల నిప్పుకు వంచిండు.
రెండోసారి కొట్టి
వేలు గాల్లనే ఆపి నా దిక్కు చూసిండు.
తలూపిన.
లోపల పెండ్లి కదిలింది.

ఇంట్ల అది ఇంకా గోడ దిక్కే చూస్తుందో,
ఎవలన్న కొండవోయిండ్రో,
తమ్మున్ని అడుగుదామని
నంబరు దాకపోయి ఆగిన.

ఇదంత బిజోయ్‌కి ఏం చెప్పాలె?
వెతికితే ఏ ఫోన్ల దొరుకుతది?
"నీకు నచ్చింది పెట్టు" అన్న.
పెట్టిండు.
వానల తడిసిన తోలు లెక్క
కింది మోత వదులు వదులుగ ఉన్నది.
బనియను తీగె మీదేసి లోపలికొచ్చి
స్పీకరు గుండీ కొంచెం తిప్పిన.
బిజోయ్ నా మొకం చూస్తుండు.

ఇంకా.