గోటి వెనక దీపం

పిల్లి పేరు తోక.
నవ్వకండి.
ఫారో దీవుల వాళ్ళ మాటలో తోకంటే పొగమంచు.
బూడిదరంగు ఒళ్ళు, పదహారేళ్ళ వయసు,
ఎప్పుడొచ్చిందో తెలియకుండా వచ్చి
పొయ్యి పక్కన పరుచుకునేది.

ఈ మధ్య దాని రాక తెలిసిపోతోంది.
చెక్క నేలమీద టిక్కు, టిక్కు, టిక్కు.
ముసలితనంలో గోళ్ళు లోపలికి పూర్తిగా ముడుచుకోవట,
ఒర మరిచిన కత్తుల్లా బయటే ఉండిపోతాయట.
తివాచీలో చిక్కుకుంటుంది, స్వెట్టర్‌లో చిక్కుకుంటుంది.
చిక్కుకున్నచోటే కాలెత్తి నిలబడి
ఎవరో చెయ్యి పట్టుకు వదలడం లేదన్నట్టు
హానుస్ వైపు చూస్తుంది.

హానుస్ నలభై ఏళ్ళు గొర్రెల గిట్టలు చెక్కినవాడు.
కొండవాలులో, వానలో, గొర్రెను వెల్లకిలా తిప్పి
మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
గిట్టకి నాలుగు వేట్లు. పో అవతలికి. ఇంకోటి రా.
మొదట ఆ కత్తే తీశాడు.
గోటితో పోయేదానికి గొడ్డలి అంటాం మనం.
ఇక్కడ గొడ్డలి నిజంగానే గోటిమీదికి వచ్చింది.
తోక ఒకసారి చూసి
బీరువా కిందికి, తన పేరులాగే, జారిపోయింది.

పక్కింటి మార్యున్‌కి పదకొండేళ్ళు.
చిన్న కత్తెర తెచ్చింది, పాత తువ్వాలు తెచ్చింది,
ఎలా పట్టుకోవాలో కూడా తెచ్చింది.
"వేలి మెత్తను నొక్కు తాతా. అంత గట్టిగా కాదు,
పండిందో లేదో పండుని చూసినట్టు.
వచ్చిందా? ఇప్పుడు దీపానికి ఎదురుగా పెట్టు."

దీపం ముందు గోరు అద్దమైంది.
లోపల సన్నటి గులాబీ చార.
"అది ప్రాణం. దాని ముందున్నది మిగులు.
మిగుల్లోనే కొయ్యాలి."
ఎన్ని వేల గిట్టలు చెక్కాడో గాని
హానుస్ ఒక్కదాన్నీ వెలుతురుకి పట్టి చూడలేదు.

మొదటిరోజు రెండు గోళ్ళు.
రెండోరోజు ఒకటే, ఆపైన తోకకి ఆవలింత వచ్చింది.
మూడోరోజు చెయ్యి వణికింది. గులాబీ తెగింది.
పెద్ద నెత్తురేం కాదు, ఆవగింజంత.
మొక్కజొన్న పిండి అద్ది పట్టుకుంటే ఆగిపోయింది.
కాలు కాలిన పిల్లి అంటాం కదా,
ఆ రాత్రి ఇంట్లో అటూ ఇటూ తిరిగింది హానుస్.
పిల్లి నిద్రపోయింది.

అసలు సంగతి ఆరోరోజు బయటపడింది.
ముందుకాలికి లోపలివైపు, నేల తగలని బొటనగోరు.
అరగదీసేది ఏదీ లేక, చూసేవాళ్ళు లేక
గుండ్రంగా తిరిగి తన మెత్తలోకే దిగబోతోంది.
"ఎన్నాళ్ళనుంచి?" అంది మార్యున్.
తోక చెప్పదు.
ఊరికే నాక్కుంటుంది, మనం శుభ్రం అనుకుంటాం.

క్లిక్.
తెగిన ముక్క ఎగిరి కాఫీలో పడింది.
హానుస్ చెంచాతో తీశాడు. చేప పొలుసంత.
పారేయబోయి
అగ్గిపెట్టెలో వేసుకున్నాడు.

తువ్వాలు మడత పెడుతూ వంగిన మార్యున్‌కి
ఆయన ఊలు మేజోడు కనపడింది.
చిరుగులోంచి పసుపచ్చగా, కొమ్ములా,
పక్కవేలి మీదికి తిరిగిన గోరు.
హానుస్ నడుము వంగక రెండేళ్ళయింది.
ఎవరికీ చెప్పలేదు.
కాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు,
అచ్చం ఎవరిలాగో లాక్కున్నాడు.

మార్యున్ ఏమీ అడగలేదు.
బకెట్లో నీళ్ళు కలిపింది. గోరువెచ్చగా.
గోటికి ఆనేంత వేడికి మన భాషలో మాటుందని
ఆ పిల్లకి తెలిసే దారి లేదు,
చెయ్యి మాత్రం సరిగ్గా అంతే కలిపింది.

బయట గాలి రేకుల కప్పు మీద దరువేస్తోంది.
తోక వచ్చి కూర్చుంది, ఈసారి చప్పుడు లేదు.
నానిన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని
మార్యున్ దీపాన్ని దగ్గరికి జరుపుకుంది.
చాలాసేపు చూసింది.

"ఇందులో గులాబీ కనపడట్లేదు తాతా."

"ఉంటుందిలే.
చూసి కొయ్యి."