రావలసినవి

ఓడలకు ఉల్లిపాయలు సప్లై చేసే కొట్లో గుమస్తాని.
తొంభై ఒకటి, అక్టోబరు. వాన వెలిసిన మర్నాడు
వాసుపల్లి ఎర్రయ్య పడవలో బస్తాలేసుకుని
డాల్ఫిన్ నోస్ నీడ దాటేసరికి
లంగరేసిన ఓడ పొగగొట్టం మీద
ఎర్ర నక్షత్రాన్ని ఇద్దరు గీకుతున్నారు,
మూడోవాడు కిందనించి తిడుతున్నాడు.

"ఆల్ల జెండాకేటో తెగులొచ్చినట్టుంది బాబూ"
అన్నాడు ఎర్రయ్య, తెడ్డు ఆపకుండానే.

వంటవాడు మిలొరాద్. క్నిన్ పక్కన ఏదో పల్లె.
రెండో ఇంజనీరు యెర్కో. అదే ఏరు,
సముద్రంలో కలిసే చోట.
పదకొండేళ్ళు ఒకే బల్ల మీద తిన్నారట.
ఇప్పుడు వంటగది గడప దగ్గర సుద్దగీత.
గీతకి అటు నిలబడి ఇంజనీరు కంచం చాపాలి.

నాకు నవ్వొచ్చింది.
మిలొరాద్ నవ్వలేదు.
గరిటె అడ్డంగా పెట్టి, దాని మీద రెండు అగ్గిపుల్లలుంచి
"ఇది మా రోడ్డు, ఇవి దుంగలు.
మేమే నరికి పడేశాం. ఆ తర్వాత
మా ప్రాంతం మాదని మేమే ప్రకటించుకున్నాం" అన్నాడు
ఓడరేవుల ఇంగ్లీషులో.
ఎవరిచ్చారన్నాను.
ఎవరూ ఇవ్వలేదు. మేమే.

మాకు స్వయంభువులంటే దేవుళ్ళే.
రాతిలోంచి వెలుస్తారు,
ఎవర్నీ ఊరు ఖాళీ చెయ్యమనరు.

క్రాయినా అంటే ఏమిటన్నాను.
అంచు, అన్నాడు. మన సీమ లాంటి మాట.
ఆ అంచు లోపల యెర్కో మేనత్త ఇల్లుందట.
"ఉండేది" అని గీతకి అవతలనించి
యెర్కో సరిదిద్దాడు.

తిరిగొస్తుంటే రేవులో మలేషియా దుంగలు,
బెరడు ఊడి, వానకి నాని.
ఎప్పుడూ ఉండేవే. ఆ రోజు లెక్కపెట్టాను.

డెబ్బై రెండులో నాకు పదహారేళ్ళు.
కంచరపాలెం మెట్ట దగ్గర తారు డ్రమ్ము దొర్లించి
బస్సాపినవాళ్ళలో నేనూ ఉన్నాను.
గొంతు చించుకున్నాను గానీ
ఎందుకో నాకు సగమే తెలుసు.
బస్సులో ఒకావిడ ఒళ్ళో జ్వరప్పిల్లాడు.
డ్రైవరు దిగి, బతిమాలి,
తనే డ్రమ్ము పక్కకి నెట్టాడు.
మేం నెట్టనిచ్చాం.
ఆ నెట్టనివ్వడం మాకెక్కణ్ణించి వచ్చిందో
ఇప్పటికీ తెలీదు.
మంచితనం అనుకోను. మధ్యాహ్నం ఆకలి కావచ్చు.
ఎవరి చేతిలోనూ తుపాకి లేకపోవడం కావచ్చు.

ఓడ కదిలే ముందురోజు మిలొరాద్ ఒడ్డుకొచ్చాడు.
తల్లికి తంతి ఇవ్వాలి.
కౌంటర్లో దాలినాయుడు కళ్ళజోడు నుదుటికెక్కించి
దేశాల పట్టీ మీద వేలు జరిపాడు,
పైనించి కిందకి, కిందనించి పైకి.
"పట్టీలో లేని దేశానికి రేటెలా కట్టనండీ?"
మిలొరాద్ ఫారం మీద ఒక పేరు రాశాడు, కొట్టేశాడు,
ఇంకోటి రాశాడు, కొట్టేశాడు,
కాగితం నా వైపు తోశాడు.
గుండ్రటి అక్షరాల్లో నేనే రాశాను,
మా ఖాతా పుస్తకంలో ఉన్న పేరు:
యుగోస్లావియా.

నెల తర్వాత తంతి తిరిగొచ్చింది. బట్వాడా కాలేదు.
వెనకాలే మా బిల్లూ తిరిగొచ్చింది.
సూరిశెట్టిగారు రావలసినవి పద్దులోంచి
ఎర్ర సిరాతో కొట్టెయ్యమన్నారు.
ఉల్లి నూట ఇరవై కిలోలు. బంగాళాదుంప. గుడ్లు.
ఉప్పు దగ్గర కాసేపు కలం కదల్లేదు.

తొంభై ఐదు ఆగస్టులో రేడియో చెప్పింది,
ఆ అంచు చెరిగిపోయిందని.
ట్రాక్టర్ల మీద పరుపులు, పొయ్యిలు, ముసలమ్మలు,
మైళ్ళకి మైళ్ళు.
ఏ ట్రాక్టరు మీద ఎవరి తల్లో రేడియో చెప్పదు.
సుద్దగీత ఎవరు తుడిచారో కూడా.

తంతి తాలూకు చిల్లర, రూపాయి డెబ్బై,
వద్దని నా జేబులో వేసి వెళ్ళాడు.
అగ్గిపెట్టెలో పెట్టి, పుస్తకం పక్కనుంచాను.
ఏ పద్దు కింద రాయాలో తెలీక
రాయలేదు.