గోధుమ మడి

బెండిగోలో జనవరి. నలభై రెండు డిగ్రీలు.
ఈ ఎండలో ఓవెన్ వెలిగించేది
పిచ్చివాళ్ళో, మాటిచ్చినవాళ్ళో.

పొద్దున్నే గిన్నెలన్నీ తోమాను, మళ్ళీ తోమాను.
జల్లెడ కొత్తది. చెక్క గరిటె పక్కన పెట్టేశాను,
దాని పగుళ్ళలో ఎన్నేళ్ళ చపాతీలున్నాయో.
గోధుమ రేణువు ఒక్కటి చాలట
పక్కింటి టామ్సిన్ కడుపుని
మూడు రోజులు మెలిపెట్టడానికి.

చెమట తుడుచుకుంటుంటే నవ్వొచ్చింది:
ఇది మడి కాక మరేమిటి?
మా నాయనమ్మ తడిచీరతో వంటింట్లో తిరుగుతూ
గేదెలకు గడ్డి తెచ్చే రత్తమ్మని
"అక్కడే ఆగు" అనేది.
పెరట్లో రత్తమ్మ కూతురూ నేనూ
ఒకే మామిడిటెంకని వంతులేసుకుని చీకేవాళ్ళం.

గుడ్లు నాలుగు.
(నాయనమ్మ చూస్తే మడి అక్కడే మంటగలిసేది.)
చక్కెర, వెన్న, బాదం పొడి,
జంతికలకని దాచిన బియ్యప్పిండి గుప్పెడు.
ఏప్రికాట్లు వాళ్ళ చెట్టువే,
చిలకలు కొట్టగా మిగిలినవి.
సగానికి చీల్చి పైన బోర్లించాను.
ఓవెన్లో అవి మునిగిపోయాయి.
కేకు నడుమ బీడునేలలా పగిలింది.

టామ్సిన్ వచ్చింది,
ఎప్పటిలాగే తన డబ్బా తను తెచ్చుకుని.
పదేళ్ళ పిల్ల. ఎన్ని పుట్టినరోజుల్లో
ఓ మూల కూర్చుని ఆ మూత తీసిందో.
"ఇందులో ఏమేం వేశావు?"
చెప్పాను, జల్లెడతో సహా.

పెద్ద ముక్కే తీసుకుంది.
తింటూ తింటూ డబ్బాని కాలితో
బల్ల కిందికి నెట్టింది.

అంచులు మాడాయంది.
అవును, మాడాయి.