రెండు డిగ్రీల నీళ్లు

తార్తూలో ఫిబ్రవరి. కిటికీ కింద నది గడ్డకట్టింది.
లోపల నా ప్లాస్టిక్ తొట్టి మాత్రం గడ్డకట్టకూడదు.
రెండు డిగ్రీలు, అటూ ఇటూ పోకుండా
కాపలా కాయడమే నా ఉద్యోగం.

ఇవాళ కవలలు. ఉర్మస్, హెల్వె.
అతను పదకొండు నిమిషాలు పెద్ద.

వెయ్యీ ఇరవై రెండు నుంచి
పదమూళ్లు తీసేస్తూ వెనక్కి రమ్మంటాం.
తప్పితే మళ్లీ మొదటికి.
నేను నవ్వకూడదని నియమం.
చెమట పట్టాక, చెయ్యి నీళ్లలో.

ఉర్మస్ మూడు నిమిషాలూ ఉంచాడు. గోళ్లు నీలమయ్యాయి.
"నొప్పా? పదికి రెండు" అన్నాడు నా మొహం చూస్తూ.
నేను మగవాణ్నైతే ఎంతనేవాడో.

హెల్వె నలభై సెకన్లకే తీసేసింది.
"ఎనిమిది."
తువ్వాలుతో వేళ్లు ఒత్తుకుంటూ అడిగింది:
"నెలలో ఎన్నో రోజని గడి ఉంది, పదహారు వేశాను.
ఇదివరకు ఎన్ని ఓర్చుకున్నానో
రాయడానికి గడేదీ?"

వారానికి ఉమ్మి గొట్టాల లెక్కలొచ్చాయి.
అతని కార్టిసాల్ పొంగిన పాలు.
ఆమెది పొయ్యి మీదున్నా కదలని గిన్నె.
కంగారు అతని నరాలకు దుప్పటి కప్పింది,
ఆమె మీదున్నది లాగేసింది.

ఎందుకని లెంబిత్ గారినడిగితే
పాత కాగితాల కట్ట విప్పాడు. అన్నీ మగ ఎలుకలే.
ఆడవాటికి నాలుగైదు రోజులకోసారి ఒళ్లు మారుతుంది,
లెక్క చెడుతుందని
కొననే లేదట.

సాయంత్రం తొట్టి పారబోసే ముందు
నా చెయ్యి ముంచాను.
గడియారం పట్టుకోవడానికి ఎవరూ లేరు.
తొమ్మిది వందల ఎనభై మూడు దగ్గర తప్పాను.

మళ్లీ మొదటికి.