కాపడం

గుణుపురం ఆసుపత్రికి
చిన్నరైల్లో, వరిగడ్డి చుట్టుకుని దిగింది పెట్టె.
రెండు గాజుబుడ్లు, సీసపు రేకులు,
మీట వేస్తే లోపల కందిరీగల రొద.

కాంపౌండరు బెవర అప్పలసూరి
ముందు తన మోకాలి మీదే చూసుకున్నాడు.
"నిప్పు లేదు, సెగ ఉంది"
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

మిల్లులో బస్తాలు మోసే సన్నాసమ్మ
భుజం పట్టేసి వచ్చింది.
రేకు తగలగానే
"ఓలమ్మో, సల్లన!" అని ముడుచుకుపోయింది.

ఆనాటి నుంచి అతను
రోగి వచ్చేలోగా
రేకుల్ని చంకలో పొదుగుతూ తిరిగేవాడు.

జనరేటరు చచ్చిన రోజు కూడా
ఆమె పావుగంట పడుకుని లేచింది.
"ఇయాల బాగా లాగేసింది బాబూ, నొప్పంతా."

రిజిస్టరులో
నిమిషాలు రాశాడు అప్పలసూరి.
కరెంటు గడి
ఖాళీగా వదిలేశాడు.